గోడమీది నియమాల చార్టుకు

నెల్లూరు శిక్షణ హాల్లో, ఫ్యాను పక్క గోడమీద వేంచేసిన చార్టు గారికి,

ఉదయగిరి వైపు నుంచి వచ్చిన మహిళా సంఘం లీడరు నమస్కారాలు. మూడు రోజులూ మీ ఎదురుగానే కూర్చున్నాను, గుర్తుపడతారు.

మీ ఒంటి మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో ఐదు మాటలు. అందరూ సమానమే. ఎవర్నీ ఎగతాళి చెయ్యకూడదు. తప్పు జవాబు అనేదే లేదు. ఇక్కడి మాట గడప దాటకూడదు. ఐదోది సెల్లు ఆపాలని. అది రాస్తుండగానే సారు సెల్లు మోగింది.

సమానమే కాబట్టి మాకు ప్లాస్టిక్ కుర్చీలు, సారుకి టవలు పరిచిన కుర్చీ. తప్పు జవాబు లేదన్నారు కదా అని మా పక్కూరి అక్క లేచి, నూటికి నెలకి రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతమని చెప్పింది. లెక్క సరైందే. "ఇంకెవరన్నా చెప్పండమ్మా" అన్నారు సారు. ఆమె మళ్లీ నోరు తెరిస్తే ఒట్టు.

ఇక గడప సంగతి. మొగుడు కమ్మలు కుదువ పెట్టాడని ఒక చెల్లెలు కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ రాత్రే ఊరినుంచి అతని ఫోను: "ఏంది మే, నెల్లూర్లో నా పరువు తీస్తుండావా?"

మీరు పుట్టకముందు ఈ జిల్లాలో రాత్రి బడులుండేవి. 1991లో అక్షరాస్యత ఉద్యమం వచ్చినప్పుడు మా అమ్మా పోయింది. పలక మీద అక్షరాలు దిద్దుతా ఇంటి గోడు చెప్పుకునేవాళ్లంట. పక్కనున్నదాని మొగుడూ తాగుబోతే, ఇంక నవ్వేదెవరు? అట్టాంటి మాటల్లోంచే దూబగుంట ఆడోళ్లు సారా అంగడి మీదికి పోయారు, వాళ్ల ముందు నడిచిన రోశమ్మ పేరు ఊరూరా తెలిసింది, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆగింది. ఆ బడి గోడమీద చార్టు ఉన్నట్టు అమ్మ ఎప్పుడూ చెప్పలేదు.

రెండోరోజు నమ్మకం ఆట. కళ్లు మూసుకుని వెనక్కి పడాలి, వెనకున్నోళ్లు పట్టుకోవాలి. సారు ఫొటో తీసుకునేదాకా ఎవరూ పడగూడదన్నారు.

మాకు అసలు ఆట హాలు వెనకుంది. మరుగుదొడ్డికి గొళ్లెం లేదు. ఒకరు లోపలికి పోతే ఒకరు బయట తలుపు పట్టుకోవాలి. జతలు ఎవరూ వెయ్యలేదు, వాటంతటవే కుదిరినాయి. పేరన్నా తెలియని కావలి ఆమె నాకు పట్టింది, నేను ఆమెకి పట్టాను. కమ్మల చెల్లెలు మిగతా కథ ఆ తలుపు దగ్గరే చెప్పింది. అది ఇంతవరకూ ఏ ఫోనుకీ ఎక్కలేదు.

సలహాల కాగితంలో 'గొళ్లెం' అని రాశాను. "శిక్షణ గురించి రాయమ్మా" అన్నారు.

మూడోరోజు మధ్యాహ్నం ఫ్యాను గాలికి టేపు ఊడి మీరు కిందపడ్డారు. తర్వాత మీ కోసం సారు చానాసేపు వెతికారు. మిమ్మల్ని నాలుగు మడతలేసి ఆ తలుపు సందులో కుక్కింది మేమే, క్షమించాలి. సాయంత్రం దాకా తలుపు కదల్లేదు.

ఇట్లు,
మూడో వరుస, మూల కుర్చీ