నలుగురు పట్టే టెంటు గారికి

శ్రీయుత టెంటు గారికి,

నెల్లూరు నుంచి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. అటక మీద పాత కూలరుకూ సంక్రాంతి బొమ్మల పెట్టెకూ నడుమ తమరు కూడా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. సగం సంచిలోనూ సగం బయటా వేలాడుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. ఇంటికి వచ్చిన రోజు తమరు ఆ సంచిలో బుద్ధిగా ఒదిగి ఉన్నారు. ఒక్కసారి బయటికి లాగాక మళ్లీ అందులో పట్టించడం మా తరం కాలేదు. మా వీధిలో పరుపులు కుట్టే సాయిబు గారు కూడా మోకాలు ఆనించి నొక్కి చూసి, "ఇది అయ్యే పని కాదు అబ్బయ్యా" అని లేచి వెళ్లిపోయారు.

ముందు తమరి అట్టపెట్టె మీద బొమ్మ సంగతి తేల్చుకోవాలి. మంచు కొండ, దాని కింద చెరువు, చెరువు ఒడ్డున తమరు, తమరి ముందు కాఫీ కప్పులతో నలుగురు స్నేహితులు, వాళ్ల కాళ్ల దగ్గర మెడకు ఎర్ర రుమాలు కట్టుకున్న కుక్క. ఆ బొమ్మలో చెమట లేదు, దోమ లేదు, "ఎవరు నాయనా మీరు, ఎవరి తాలూకు?" అని అడిగే పెద్దమనిషి అసలే లేడు. డాలస్ నుంచి సెలవులకు వచ్చిన మా సుధాకర్ ఆ బొమ్మ చూపించే మమ్మల్ని లేవదీశాడు. "రేయ్, అక్కడ నేషనల్ పార్కుల్లో కారేసుకోని తిరుగుతాం, ఎక్కడ బాగుంటే అక్కడ టెంటేస్తాం, కుక్క కూడా మనతోనే" అన్నాడు. తమరిని ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టిందీ వాడే, డబ్బులు కట్టింది మాత్రం మేము.

పెట్టె పక్కన "నలుగురికి" అని రాసి ఉంది. కంపెనీవాళ్లు ఏ నలుగురిని పడుకోబెట్టి కొలిచారో గానీ, చేపల పులుసుతో అన్నం తిన్న నెల్లూరు నలుగురిని మాత్రం కాదు. దాని కింద "2000 మి.మీ." అని ఇంకో ముక్క. అది గుడ్డ ఎంత నీటి ఒత్తిడిని ఆపుతుందో చెప్పే లెక్క. మా శీను మాత్రం దాన్ని వానపాతం అనుకున్నాడు. "మన నెల్లూరులో ఏడాది మొత్తానికి వెయ్యి, వెయ్యినూరు మిల్లీమీటర్లు కురిస్తే గొప్ప. ఇది రెండేళ్ల వానకు ఆగుద్ది మామా!" అని బల్ల గుద్ది చెప్పాడు. ఆ వెయ్యిలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే కురుస్తుందన్నది వాడికీ తెలుసు. మేము బయలుదేరింది డిసెంబరులో.

దారి ఖర్చులు, తగాదాలు వదిలేస్తాను. ఆత్మకూరు, ఉదయగిరి మీదుగా పోయి భైరవకోనలో కొండను తొలిచిన గుళ్లు, పక్కనే దూకే నీళ్లు చూసుకున్నాం. తమరిని అక్కడే దించేవాళ్లమే గానీ, సుధాకర్ ఒప్పుకోలేదు. వాడికి నేషనల్ పార్కే కావాలి. మన రాష్ట్రంలో ఉన్నవే మూడు: తిరుపతి కొండల్లో శ్రీవేంకటేశ్వర, గోదావరి మీద పాపికొండలు, కడప జిల్లాలో పెన్న ఒడ్డున రామేశ్వరం దగ్గరున్న చిన్న పార్కు. నెల్లూరుకు ఒకటీ లేదు, ప్రకాశానికి ఒకటీ లేదు. ఉన్నది నల్లమల. అది నేషనల్ పార్కు కాదు, నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వు. "ఇంకా పెద్దదేలే" అని కనిగిరి, పొదిలి, మార్కాపురం దాటి దోర్నాల గేటు దగ్గరికి చేరేసరికి పొద్దు గుంకుతోంది.

మా కుక్క పేరు టైగర్ అని తమరికి తెలుసు. తమరి మీదే తల పెట్టుకుని వచ్చింది కదా, దారి పొడుగునా. గేటు దగ్గర కారు తలుపు తీయగానే అది కిందికి దూకి చీకట్లోకి పరుగు తీసింది. శీను దాని వెనకాల "టైగర్! టైగర్!" అని గొంతు చించుకుని అరిచాడు. శ్రీశైలం పోయే కార్ల అద్దాలు ఒకదాని తర్వాత ఒకటి పైకి లేచాయి. చెక్‌పోస్టులోంచి గార్డు గారు కర్ర, టార్చిలైటు పట్టుకుని ఒక్క ఉదుటున బయటికొచ్చారు. వెలుతురు పడిన చోట మా వాడు మైలురాయి పక్కన కాలెత్తి నిలబడి ఉన్నాడు.

ఆయన కుక్కను చూశారు, మమ్మల్ని చూశారు, డిక్కీలో తమరిని చూశారు. కోప్పడలేదు. అదే ఇబ్బంది అనిపించింది. "సార్, దోవలో ఎక్కడా ఆపకుండా శ్రీశైలం పోయేటట్టయితే పోండి. తొమ్మిదికి గేటేస్తాం, మళ్లా తెల్లారి ఆరుకే తీసేది. లోపల దిగేది లేదు, పొయ్యి పెట్టేది లేదు, కోతులకు అరటిపండ్లు వేసేది లేదు. ఇంక టెంటంటారా..." అని అక్కడితో ఆపి తలపాగా సర్దుకున్నారు. సుధాకర్ ఊరుకోకుండా అమెరికా సంగతి ఎత్తాడు. గార్డు గారు ఓపిగ్గా విని ఒకటే అడిగారు: "అక్కడ కుక్కను అడవిలోకి వదుల్తారా సార్?"

సుధాకర్ నేల చూపులు చూశాడు. ఎందుకంటే అమెరికా నేషనల్ పార్కు ఎల్లోస్టోన్‌లో కూడా కుక్కను కాలిబాటల మీదికి రానివ్వరు. రోడ్డు, కార్లు ఆపే చోటు, క్యాంపు స్థలం దాటి అది పోకూడదు, మెడకు ఆరడుగుల లోపు తాడు ఉండి తీరాలి. టెంటులో తిండి పెట్టుకోకూడదు, ఎలుగుబంటి వాసన పట్టి వస్తుందని ఇనుప పెట్టెల్లో దాచమంటారు. మా టిఫిన్ క్యారియర్‌లో అడుగు గిన్నె నిండా నిన్నటి చేపల పులుసు ఉంది. మామిడికాయ ముక్కలు వేసినది, రెండో రోజుకు గానీ రుచి తేలనిది. ఆ వాసనకు ఎలుగుబంటి దాకా ఎందుకు, చెక్‌పోస్టులో ఇంకో ఉద్యోగి కూడా బయటికొచ్చాడు.

తమరి బొమ్మ చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. ఎల్లోస్టోన్‌ను 1872లో పార్కు చేసినప్పుడు అది ప్రజల ప్రయోజనానికీ ఆనందానికీ అని చట్టంలోనే రాసుకున్నారు. మనది సరిగ్గా నూరేళ్ల తర్వాత, 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం. అందులో మన ఆనందం ఊసు పెద్దగా లేదు. అనుమతి లేనిదే అడుగు పెట్టకూడదు, అపాయం కలిగేలా నిప్పు పెట్టకూడదు, చివరికి అభయారణ్యానికి అయిదు కిలోమీటర్ల లోపలి పశువులకు కూడా టీకాలు వేయించాలి అని ఉంది. చాదస్తం అనిపిస్తుంది గానీ, 2018లో గిర్ అడవుల్లో కొద్ది వారాల్లోనే ఇరవైకి పైగా సింహాలు చచ్చిపోతే, వాటిలో కొన్నింటికి అంటుకున్నది కుక్కల్లో తిరిగే డిస్టెంపర్ వైరస్. మా టైగర్‌కు అన్ని సూదులూ వేయించామని శీను ఫోనులో ఫొటో చూపించాడు. "మంచి పని చేశారు సార్" అన్నారు గార్డు గారు, గేటు వైపు మాత్రం కదల్లేదు. నా మటుకు నాకు ఆయన మాటల్లో తీసేయాల్సింది ఒక్కటీ కనిపించలేదు. అంతగా అడవిలో పడుకోవాలనుంటే బైర్లూటిలోనూ పచ్చర్లలోనూ అటవీ శాఖవాళ్ల జంగిల్ క్యాంపులున్నాయి, ముందే బుక్ చేసుకుని కుక్కను ఇంట్లో పెట్టి రమ్మని కూడా చెప్పారు. అక్కడ పడకలూ వాళ్లే ఇస్తారు. అంటే తమరితో పని లేదు.

చివరికి తమరు నిలబడింది మార్కాపురం దగ్గర మా ప్రసాదు వాళ్ల మేనమామ మిరప చేని గట్టు మీద. ఆయన లుంగీ ఎగ్గట్టుకుని వచ్చి, మేము ఫోను లైట్లు నోట్లో పెట్టుకుని తమరి కడ్డీలు ఒకదాంట్లో ఒకటి దూర్చడం చాలాసేపు చూశారు. "ఇంట్లో నవారు మంచాలుండగా ఇదేం ఖర్మరా అల్లుడా?" అన్నారు. ప్రసాదు "ఎక్స్‌పీరియెన్స్ మామయ్యా" అన్నాడు. ఆయన లోపలికి పోయి అత్తయ్యతో ఏదో చెబితే ఆమె నవ్వు మాకు చేను దాకా వినిపించింది.

అర్ధరాత్రి అల్పపీడనం తాలూకు జల్లు మొదలైంది. పై గుడ్డ వానను ఆపింది, కాదనను. కానీ నలుగురి ఊపిరి బయటికి పోయే దారి లేక తమరి లోపలి గోడలకు చెమట పట్టి, బొట్లు బొట్లుగా మా మీదే రాలింది. ఇడ్లీ పాత్రలో కూర్చున్నట్టుంది. తర్వాత గాలి లేచింది. తమరు ఒక పక్క ఉబ్బి, ఇంకో పక్క అణిగి, బుస కొట్టడం మొదలుపెట్టారు. బయట కట్టేసిన టైగర్‌కు ఈ ప్రయాణం మొత్తంలో కనిపించిన అడవి జంతువు తమరొక్కరే. ఇంకేం, తెల్లవార్లూ తమరి మీద మొరుగుతూనే ఉంది. తాడు తెంచుకుని వచ్చి మూల పట్టుకుని పీకింది కూడా. దానికి తోడు ధనుర్మాసం, నాలుగున్నరకే పక్క ఊరి గుడి మైకులో తిరుప్పావై. అడవిలో నిశ్శబ్దం వినాలని డాలస్ నుంచి వచ్చిన మనిషి చెవుల్లో దూది పెట్టుకున్నాడు.

మన పెద్దవాళ్లకు ఈ విద్య తెలియదనుకోకండి. కార్తీకమాసం రాగానే వనభోజనాలని తోటకు పోతారు. ఉసిరి చెట్టు కింద విస్తరి వేసుకుని, పులిహోర, గారెలు తిని, చీట్లపేక ఆడి, దీపాలవేళకు ఇల్లు చేరతారు. రాత్రి అడవిది, పగలు మనది అన్న ఒప్పందం. తమరి కంపెనీ ఆ ఒప్పందంలో సంతకం పెట్టినట్టు లేదు.

తమరిని అమ్మకానికి పెట్టాం. "ఒక్క రాత్రి వాడినది, ఒక మూల కుక్క పీకినది, టేపు వేసినది, సంచి ఉంది కానీ పట్టదు" అని ఉన్నదున్నట్టు రాశాం. ఇంతవరకు ఫోను చేసింది ఒక్కరే. వడియాలు ఆరబెట్టుకునేటప్పుడు కాకులు రాకుండా పైన కప్పడానికి పనికొస్తుందా అని అడిగారు.

ఇట్లు,
తమరి పావు వంతు యజమాని

తా.క.: తమరి మేకుల్లో ఒకటి గట్టు మీదే ఉండిపోయిందట. ప్రసాదు మామయ్య ట్రాక్టరు ముందు టైరులో అది దొరికింది. పంచరు డబ్బులు సుధాకర్ డాలర్లలో పంపుతానన్నాడు, ఇంకా రాలేదు.