స్టెరాయిడ్ ఒక్క డోసు పడితే ఎముక అతుక్కోదా?

వెన్నెముకకు స్క్రూలు, రాడ్లు బిగించి, పూసలు ఒకటిగా అతుక్కునేలా ఫ్యూజన్ ఆపరేషన్ చేశాక వాపు తగ్గడానికి స్టెరాయిడ్ ఒక్క డోసు ఇచ్చినా ఎముక ఎన్నటికీ అతుక్కోదనీ, అది జిమ్ముల్లో కండల కోసం వాడే మందేననీ, దానికి బదులు మామూలు నొప్పి మాత్రలు చాలుననీ, షుగరున్నవారు మరీ జాగ్రత్తపడాలనీ, చీటీలో స్టెరాయిడ్ కనిపిస్తే ఆ రోజే మానెయ్యాలనీ ఒక సందేశం విజయవాడ, గుంటూరు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. సూర్యారావుపేటలో మందుల షాపు నడుపుతున్న నా దగ్గరికి మొన్న ఒక పెద్దావిడ వచ్చి, రోజురోజుకూ తగ్గించుకుంటూ ఆరు రోజులు వాడమని రాసిన మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ స్ట్రిప్పును కౌంటరు మీద పెట్టి, "మా వారికి మాన్పించేశాను బాబూ, మిగిలినవి వెనక్కి తీసుకో" అన్నారు. ఆయనకు అయింది మెడ ఆపరేషన్.

జిమ్ము మాటకు జవాబు చిన్నదే. కండల కోసం వాడేవి టెస్టోస్టిరాన్ జాతి మందులు. వాపు తగ్గడానికి ఇచ్చే స్టెరాయిడ్లు మన మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథుల్లో ఊరే కార్టిసోల్ అనే హార్మోన్‌ను పోలినవి. కలిసింది పేరొక్కటే.

ఎముక విషయంలో మాత్రం సందేశంలో సగం నిజముంది, అందుకే అది జనానికి అంత తేలిగ్గా ఎక్కింది. నెలల తరబడి స్టెరాయిడ్ వాడితే ఎముకను కట్టే కణాలు మందగించి ఎముక గుల్లబారుతుంది, ఫ్యూజన్ కూడా దెబ్బతినవచ్చు. అయితే ఆపరేషన్ ముందూ వెనకా కొద్ది రోజులు ఇచ్చే మందు లెక్క వేరు. మెడకు ముందు వైపు నుంచి ఫ్యూజన్ చేసినప్పుడు గొంతు లోపల వాచి, మింగడమే కాదు, ఒక్కోసారి ఊపిరి తీయడం కూడా కష్టమవుతుంది. ఇలాంటి రోగులను లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి చూసిన పరీక్ష ఫలితాలు 2015లో వెలువడ్డాయి. మందు పడినవారికి మింగడం సులువైంది. ఆరు నెలలకు తీసిన చిత్రాల్లో వారి ఎముక అతుకు కొంత వెనకబడి ఉన్నా, ఏడాదికి రెండు గుంపుల మధ్యా తేడా లేకపోయింది. ఆలస్యం కావచ్చు అన్నదాన్ని ఎన్నటికీ కాదు అని మార్చి రాసినవారెవరో గానీ, ఆ ఒక్క మాటతో ఎందరినో భయపెట్టారు. అలాగని ఫ్యూజన్ అయిన ప్రతివారికీ స్టెరాయిడ్ అవసరమని నేను అనడం లేదు. ఎవరికి ఇవ్వాలో, ఎన్నాళ్ళు ఇవ్వాలో తూచి నిర్ణయించేది సర్జనే.

నొప్పి మాత్రలు చాలునన్న సలహా మరీ విడ్డూరం. డైక్లోఫెనాక్, కీటొరొలాక్ వంటివి కూడా ఎముక అతుక్కోవడానికి కావలసిన ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలనే అణుస్తాయి, అందుకే ఫ్యూజన్ తర్వాత వాటిని పెద్ద డోసుల్లో వాడటానికి చాలామంది సర్జన్లు వెనకాడతారు. పైగా స్టెరాయిడ్‌తో కలిపి మింగితే కడుపులో పుండు పడి రక్తం పోయే ముప్పు పెరుగుతుంది.

అన్నిటికన్నా ప్రమాదం ఆ చివరి సలహాలో ఉంది. మూడు వారాలకు మించి రోజూ స్టెరాయిడ్ వాడినవారి అడ్రినల్ గ్రంథులు పని తగ్గించుకుని ఉంటాయి. ఒక్కసారిగా మందు ఆపితే కళ్ళు తిరగడం, వాంతులు, బీపీ పడిపోవడం మొదలై ప్రాణం మీదికి రావచ్చు. ఆరు రోజుల కోర్సుకు ఆ భయం తక్కువే గానీ, తన చీటీ ఏ రకానిదో చదివేవారికి తెలియదు కదా. షుగరున్నవారు జాగ్రత్తపడాలన్నది మాత్రం అక్షరాలా నిజం, 2021లో కోవిడ్ వేళ షుగరు, స్టెరాయిడ్ తోడైన చోట బ్లాక్ ఫంగస్‌ను కళ్ళారా చూసిన మనకు వేరే చెప్పనక్కరలేదు. విచిత్రమేమిటంటే, నడుము నొప్పికి చీటీ లేకుండా నెలల తరబడి బీటామెథసోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు అడిగి కొనుక్కునేవారి గురించి ఆ సందేశంలో ఒక్క ముక్క లేదు.

ఆ పెద్దావిడ చేత అక్కడి నుంచే సర్జన్ గారికి ఫోను చేయించాను. మిగిలిన రెండు రోజుల మాత్రలూ వేయమనీ, షుగరు ఉదయం, సాయంత్రం చూసి రాసిపెట్టమనీ, జ్వరం వచ్చినా కుట్ల దగ్గర చెమ్మ కనిపించినా వెంటనే తీసుకురమ్మనీ ఆయన చెప్పారు. ఆవిడ స్ట్రిప్పు తిరిగి సంచిలో వేసుకుని, షుగరు చూసే స్ట్రిప్పులు ఒక డబ్బా అడిగారు.