కుర్చీ ఖాళీగా ఉంచితే సరిపోదు, కాగితం ఇంటికి చేరాలి

అలాస్కాలోని జూనో ఊళ్లో 1942 ఏప్రిల్‌లో ఒకే ఒక్క విద్యార్థి కోసం హైస్కూలు గ్రాడ్యుయేషన్ సభ జరిగింది. ఆ కుర్రాడి పేరు జాన్ తనకా. ఆ ఏడు బ్యాచ్‌లో మొదటి స్థానం అతనిదే. పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేశాక, జపాన్ సంతతివాళ్లను పడమటి తీరం నుంచీ అలాస్కా నుంచీ తీసుకెళ్లి శిబిరాల్లో పెట్టాలని అమెరికా ప్రభుత్వం నిర్ణయించింది. మామూలుగా సభ జరిగేది మే నెలలో. అప్పటికి జాన్ ఊళ్లో ఉండడు. అందుకని స్కూలు బోర్డు అతనొక్కడికే ముందుగా సభ పెట్టి, డిప్లొమా చేతికిచ్చి పంపింది. మే నెలలో మిగతావాళ్ల వంతు వచ్చినప్పుడు అతని కుర్చీని ఖాళీగా ఉంచారు.

జనానికి గుర్తుండిపోయింది ఆ కుర్చీయే. 2014లో దాని గుర్తుగా జూనోలో కంచుతో మడత కుర్చీ చేయించి పెట్టారు. మనసు పెట్టి చేసిన స్మారకం అది. అయినా ఆ ఊరు చేసిన రెండు పనుల్లో బరువైనది మొదటిదే. యుద్ధకాలంలో తోటి విద్యార్థిని తలుచుకోవాలంటే కుర్చీ, పువ్వు, నిమిషం మౌనం అందరికీ తడతాయి. హాజరు పట్టీలో పేరు కొట్టేయకుండా ఉంచడం, సర్టిఫికెట్ రాసి ఇంటికి చేర్చడం తట్టవు. తట్టినా ఏదో ఒక రూలు అడ్డొస్తుంది.

సియాటిల్ నుంచి ఫెర్రీ ఎక్కితే అరగంట దాటాక బెయిన్‌బ్రిడ్జ్ దీవి వస్తుంది. ఆ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలకు అది సెలవురోజు సరదాగా వెళ్లొచ్చే చోటు. 1942లో సైన్యం జారీ చేసిన తరలింపు ఉత్తర్వుల్లో ఒకటో నంబరు ఆ దీవి మీదే పడింది. మార్చి 24న ఉత్తర్వు అంటించారు. 30న 227 మందిని తుపాకుల కాపలాతో రేవుకు నడిపించారు. ఇల్లు, స్ట్రాబెర్రీ తోట, చదువు అన్నీ చక్కబెట్టుకోవడానికి దొరికింది 6 రోజులు. వాళ్లలో 13 మంది హైస్కూలు ఆఖరి ఏడాది పిల్లలు. ఆ ఏటి గ్రాడ్యుయేషన్‌లో 13 కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

అదే దీవిలో చిన్న వారపత్రిక నడిపే వాల్ట్, మిల్లీ వుడ్‌వర్డ్ దంపతులు ఇంకో పని చేశారు. శిబిరానికి వెళ్లిన కుర్రాళ్లనే విలేకరులుగా పెట్టుకున్నారు. మంజనార్ శిబిరం నుంచి, తర్వాత మినిడోకా శిబిరం నుంచి అక్కడి పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు, బేస్‌బాల్ స్కోర్లు తెప్పించి అచ్చువేశారు. తిరిగి వచ్చేనాటికి వాళ్లు ఊరికి పరాయివాళ్లు కాకూడదన్నది ఆ దంపతుల పట్టుదల. యుద్ధం సాగినంత కాలం పేర్లు పత్రికలో కనబడుతూనే ఉండటం సభలో ఒక సాయంత్రం తలుచుకోవడం కంటే చాలా ఎక్కువ. నేడు రేవు దగ్గర నిలబెట్టిన దేవదారు గోడ పొడవు 276 అడుగులు. అప్పట్లో ఆ దీవికి చెందిన జపాన్ సంతతివాళ్లు 276 మంది, మనిషికి ఒక అడుగు. ఒక్క పేరూ వదిలిపెట్టలేదు.

కాగితం సంగతి ఎందుకింత గట్టిగా చెబుతున్నామంటే, అది అందక జరిగిన నష్టం లెక్కకు దొరుకుతుంది. దాదాపు 1,20,000 మందిని తరలించారు. విడతలు విడతలుగా, వారం గడువులతో, విద్యా సంవత్సరం ముగిసే లోపే చాలామందిని ఖాళీ చేయించారు. మొదట గుర్రప్పందేల మైదానాల్లో, సంతల షెడ్లలో ఉంచారు. పరీక్ష రాయలేదు, హాజరు చాలలేదు అన్న మాటతో చదువు అక్కడే తెగిపోయినవాళ్లు ఉన్నారు. శిబిరాల్లో హైస్కూళ్లు తెరిచాక అక్కడ పూర్తిచేసినవాళ్లు చాలామందే గాని, సొంత బడి పేరున్న డిప్లొమా వేరు. అలా మిగిలిపోయినవాళ్లకు ఇప్పటికైనా డిప్లొమా ఇవ్వొచ్చని కాలిఫోర్నియా చట్టం చేసింది 2003లో. 1942లో 18 ఏళ్ల పిల్లకు అప్పటికి 79 నిండాయి.

2022లో ఉక్రెయిన్ నుంచి ఆపరేషన్ గంగ విమానాల్లో తిరిగొచ్చిన మన మెడిసిన్ పిల్లలకు ఈ బాధ ఒకరు చెప్పనక్కర్లేదు. ప్రాణం దక్కింది, కోర్సు నడిమధ్యలో ఆగింది. వేరే దేశంలో చేరాలంటే చదివిన సబ్జెక్టులు, మార్కులు చూపే ట్రాన్‌స్క్రిప్ట్ కావాలి, అది ఇవ్వాల్సిన ఆఫీసు బాంబుల కింద ఉంది.

ఇక మాటలు. 1942లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అత్యున్నత పతకం జపాన్ సంతతి విద్యార్థి హార్వీ ఇటానోకు వచ్చింది. సభ నాటికి అతను శాక్రమెంటో దగ్గర ముళ్లకంచె వెనక ఉన్నాడు. అతన్ని దేశం వేరేచోటికి పిలిచిందని విశ్వవిద్యాలయ అధ్యక్షుడు రాబర్ట్ గోర్డన్ స్ప్రౌల్ సభలో చెప్పారు. పతకం ఇచ్చినందుకు ఆయన్ను మెచ్చుకోవాలి. ఆ మాటను మాత్రం మెచ్చుకోలేం. దేశం పిలవలేదు, పట్టుకెళ్లి బంధించింది. మెత్తటి మాట సభను ఇబ్బంది నుంచి తప్పిస్తుంది, లేనివాడికి మాత్రం మళ్లీ అన్యాయం చేస్తుంది.

జపాన్‌లోని ఒకినావా దీవిలో ఇంకా ఘోరం. 1945 మార్చి 23 రాత్రి హిమెయూరి అన్న పేరుతో గుర్తుండిపోయిన బడి విద్యార్థినులు 222 మందిని, 18 మంది ఉపాధ్యాయులను సైనిక ఆసుపత్రి సేవకు తీసుకెళ్లారు. 29 రాత్రి ఫిరంగుల మోత మధ్య, కొవ్వొత్తుల వెలుగులో ఒక పాకలో గ్రాడ్యుయేషన్ జరిపించారు. పిల్లలు సాధన చేసుకున్న వీడ్కోలు పాటకు బదులు, చక్రవర్తి కోసం చావడాన్ని కీర్తించే పాట వినిపించింది. ఆ 240 మందిలో 136 మంది చనిపోయారు. బతికి బయటపడ్డవాళ్లు, పూర్వ విద్యార్థినులు కలిసి 1989లో మ్యూజియం తెరిచారు. అక్కడ ఒక్కొక్కరి ఫొటో, పేరు, ఎక్కడ ఎలా చనిపోయిందీ రాసి ఉంటాయి. బలిదానం అని ఒక్క మాటతో తేల్చేయలేదు.

మనకూ ఈ జాగ్రత్త అవసరం. తెలుగులో అమరులు అన్న మాట తొందరగా నోటికొస్తుంది. ఇంట్లో నిద్రపోతూ క్షిపణికి బలైన పదిహేడేళ్ల పిల్ల ప్రాణత్యాగం చేయలేదు. ఆమెను చంపారు. సభలో చదివే వాక్యం అదే చెప్పాలి: పేరు, సెక్షను, ఏ రోజు, ఎలా.

ఇవాళ ఉక్రెయిన్ బడుల్లో ఈ సమస్య రోజూ ఉంది. మే చివర ఆఖరి గంట పండుగ, ఆ తర్వాత పట్టాల ప్రదానం. ఒకే క్లాసులో చనిపోయినవాళ్లు, ఆచూకీ లేనివాళ్లు, పోలండ్‌లోనో జర్మనీలోనో ఉండి ఫోన్‌లో సభ చూసేవాళ్లు ఉంటారు. అందుకే మూడు జాబితాలు వేరువేరుగా రాయాలి. అన్నీ కలిపి ఒకటే చదివితే, ఆచూకీ తెలియని పిల్లవాడి తల్లి ముందే బడి అతన్ని చంపేసినట్టవుతుంది. వాడి కుర్చీ మీద పేరు కార్డు మాత్రమే ఉండాలి. నల్ల రిబ్బను వద్దు, దండ వద్దు, కొవ్వొత్తి వద్దు. జాబితా సభకు రెండు వారాల ముందు సిద్ధం చేసి, ప్రతి కుటుంబానికీ చూపించి, సభ రోజు పొద్దున మళ్లీ సరిచూసుకోవాలి. యుద్ధంలో జాబితా రాత్రికి రాత్రి మారుతుంది.

కుర్చీ వరస చివర వేయకూడదు. అక్షరక్రమంలో ఆ పిల్లవాడు ఎక్కడ కూర్చునేవాడో అక్కడే వేయాలి. వేదిక పైకి పిలిచే క్రమంలోనూ పేరు ఆ చోటనే రావాలి. గౌను వెనక తగిలించి టోపీ సీటు మీద పెడితే, ఆరుబయట గాలికి టోపీ ఎగిరిపోతుంది, అది చూసి కన్నవాళ్ల ప్రాణం విలవిల్లాడుతుంది. రెండు క్లిప్పులతో బిగించాలి. ఫొటో బడి గుర్తింపు కార్డుకు తీసినదైతే మేలు, మిగతావాళ్ల ఫొటోల సైజులోనే ఉండాలి. పెద్దది పెడితే ఆ పిల్లవాడు బ్యాచ్‌లోంచి వేరుపడిపోతాడు.

పేరు తప్పు పలకడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. అమెరికాలో చదివే మన పిల్లల ఇంటిపేర్లు మైకులో ఎలా నలిగిపోతాయో తెలిసినవాళ్లకు ఇది అర్థమవుతుంది. అమ్మానాన్నల చేత పేరు పలికించి ఫోన్‌లో రికార్డు చేసుకుని, చదివే మనిషి పదిసార్లు వినాలి. పేరుకీ పేరుకీ మధ్య నాలుగు సెకన్లు ఆగాలి. 13 పేర్లకు నిమిషం పడుతుంది. వియత్నాం యుద్ధంలో 64 మంది విద్యార్థులను పోగొట్టుకున్న ఫిలడెల్ఫియాలోని థామస్ ఎడిసన్ హైస్కూలు లాంటి చోటైతే నాలుగు నిమిషాలు దాటుతుంది. ఎక్కువని కుదించకూడదు. చప్పట్లు ఆఖరున ఒక్కసారే అని ముందుగా చెప్పాలి. లేకపోతే ఒకరికి హోరెత్తి, ఇంకొకరికి పలచగా వినిపిస్తాయి.

స్మరణ కార్యక్రమం మొదట్లోనే పెట్టడం మంచిది. సైరన్ మోగితే అందరూ షెల్టర్‌లోకి దిగాల్సిందే, ఆఖరున పెట్టుకున్న అంశం ఎగిరిపోతుంది. ఉక్రెయిన్‌లో 2022 మార్చి నుంచి రోజూ ఉదయం 9 గంటలకు దేశమంతా నిమిషం మౌనం పాటిస్తోంది, సభ ఆ వేళకు మొదలుపెడితే సమయం దానంతట అదే కలిసొస్తుంది. నాయకుల ప్రసంగం ఆ పేర్ల ముందూ వద్దు, వెనకా వద్దు.

ఆ దేశపు విద్యార్థులే 2023 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన ఒక ప్రదర్శనలో, యుద్ధంలో చనిపోయిన 36 మంది కాలేజీ విద్యార్థుల పేర్లతో డిప్లొమాలు చేసి వివిధ దేశాల విశ్వవిద్యాలయాల్లో పెట్టారు. ఎవరికీ అందని పట్టాలని దాని పేరు. అది లోకానికి చూపించేది. బడి చేయాల్సింది ఇంకొకటి ఉంది: ముద్ర, సంతకం, రిజిస్టరు నంబరు ఉన్న అసలు సర్టిఫికెట్‌ను ఇంటికి ఇవ్వడం. వేదిక ఎక్కి తీసుకోవాలని కన్నవాళ్లను బలవంతపెట్టకూడదు. కొందరు వస్తారు, కొందరు గేటు దగ్గరే ఆగిపోతారు, ఇంకొందరు ఏడాది దాటాక వచ్చి అడుగుతారు. బీరువాలో కవరు మీద పేరు రాసి, తాళం ఎవరి దగ్గరుందో రిజిస్టరులో రాయాలి. హెడ్మాస్టరు బదిలీ అయినా కవరు దొరకాలి.

సభ అయ్యాక మైదానం శుభ్రం చేసేవాళ్లకు ఆ కుర్చీ గురించి ముందే చెప్పి ఉంచాలి. గౌను, టోపీ, పేరు కార్డు మడిచి ఒక సంచిలో పెట్టి, క్లాసులో ఆ పిల్లవాడి బెంచీ మీదే కూర్చున్న స్నేహితులిద్దరు అదే సాయంత్రం ఇంటికి తీసుకెళ్లి ఇవ్వాలి.