శుక్రవారం ప్రార్థనలో వినపడని మనవి

అమెరికాలో తెలుగు క్రైస్తవ సహవాసాలు శుక్రవారం రాత్రి పెట్టుకునే ప్రార్థన కాల్ ఏదైనా ఒకసారి వినండి. మనవులు వరసగా వస్తాయి. ఒకరికి హెచ్-1బి ఉద్యోగ వీసా స్టాంపింగ్, ఒకరికి ఇంటర్వ్యూ, ఒకరికి సోమవారం ప్రొడక్షన్ రిలీజ్, ఇంకొకరి అత్తయ్యగారికి మోకాలి ఆపరేషన్. ఎవరి అబ్బాయైనా తాగుడికి అలవాటు పడ్డాడంటే సంఘమంతా ఉపవాసం ఉంటుంది. "రాత్రి పదకొండున్నరైనా లాప్‌టాప్ మూయలేకపోతున్నాను, నా కోసం ప్రార్థించండి" అనే మనవి మాత్రం రాదు. అది చెప్పాల్సినవాళ్లు ఆ కాల్‌లోనే ఉంటారు, మ్యూట్ చేసుకుని, పక్క స్క్రీన్ మీద మెయిల్ చూసుకుంటూ.

తాగుడిని మనం పాపాల్లో వేశాం. పని వ్యసనాన్ని సాక్ష్యాల్లో వేసుకున్నాం. వారానికి డెబ్భై గంటలు చేసి డైరెక్టరైతే "దేవుడు హెచ్చించాడు" అని మైకులో చెబుతాం. ఆ డెబ్భై గంటల్లో పిల్లల దగ్గర్నుంచి ఎన్ని గంటలు తీసుకున్నామో సాక్ష్యంలో రాదు. తమాషా ఏమిటంటే 'వర్క్‌హాలిక్' అన్న మాట పుట్టిందే చర్చి మనిషి చేతిలో. కెంటకీ రాష్ట్రంలోని లూయివిల్‌లో బాప్టిస్టు సెమినరీలో పాఠాలు చెప్పిన వేన్ ఓట్స్ 1968లో 'ఆల్కహాలిక్' అన్న మాటను అనుకరిస్తూ దాన్ని తయారుచేశాడు. ఆయన వేలు చూపించింది బయటివాళ్ల వైపు కాదు, తన వైపే.

ఎక్కువ గంటలు పనిచేసే ప్రతివాళ్లూ వ్యసనపరులు కారు. అప్పు తీరక గ్యాస్ స్టేషన్లో రెండు షిఫ్టులు చేసే మనిషిది అవసరం. డబ్బు సర్దుకుంటే అతను హాయిగా ఇంటికెళ్లి పడుకుంటాడు. వ్యసనం ఉన్నవాడికి పని అయిపోయిన సాయంత్రమే కష్టం. 2012లో నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏడు ప్రశ్నల కొలత ఒకటి తయారుచేశారు. పనికి ఇంకా టైమ్ ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతున్నారా, అనుకున్నదానికన్నా ఎక్కువసేపు చేస్తున్నారా, దిగులో అపరాధభావమో తగ్గించుకోడానికి పనిలో పడుతున్నారా, తగ్గించమన్నా వినట్లేదా, పని ఆపాల్సివస్తే కంగారు పడుతున్నారా, వ్యాయామం, సరదాలు పక్కన పెట్టేశారా, ఆరోగ్యం చెడిందా. గడిచిన ఏడాదిలో వీటిలో నాలుగింటికైనా 'తరచుగా' లేదా 'ఎప్పుడూ' అని జవాబొస్తే ఆలోచించాల్సిందే. ఈ ప్రశ్నలు మీరు కాదు, మీ ఇంట్లోవాళ్లు నింపితే జవాబు ఇంకా సరిగా వస్తుంది.

ఒంటి సంగతి చెప్పి ముందుకు పోదాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి వేసిన లెక్క ప్రకారం వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకి, 35-40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె రక్తనాళాల జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ.

ఇక అసలు విషయం. "ఎక్కువగా ప్రార్థించండి, పోతుంది" అని పెద్దలు చెప్పే సలహా ఈ జబ్బుకి పనిచేయదు. కారణం, మనం చేసే ప్రార్థనే దీనికి మేత. "ప్రభువా, ఈ వారం గట్టెక్కే బలం ఇయ్యి" అని అడగడం, తాగేవాడు గట్టి కాలేయం ఇమ్మని అడగడం లాంటిది. ప్రార్థన పెంచక్కర్లేదు. అందులో అడిగేది మార్చాలి.

ఎలా మార్చాలంటే, ముందు పధ్నాలుగు రోజులు ఏమీ మానకుండా ఒక చిన్న నోట్‌బుక్‌లో రాయండి. ఫోన్‌లో వద్దు, ఫోన్ తెరిస్తే మెయిల్ కూడా తెరుచుకుంటుంది. పని మొదలెట్టిన సమయం, ముగించిన సమయం, రాత్రి మళ్లీ లాప్‌టాప్ తెరిస్తే ఆ సమయం, తెరిచే ముందు మనసులో మెదిలిన భయం ఒక్క మాటలో. 'లేఆఫ్'. 'పక్క టీమ్'. 'నాన్న'. 'ఇంటి లోను'. 'ఖాళీ'. రెండు వారాలయ్యాక చూస్తే రెండు మూడు మాటలే మళ్లీ మళ్లీ కనబడతాయి. మీ ప్రార్థన మనవులు అవే. 'నాన్న' అని రాసినవాడు ప్రమోషన్ కోసం ఎంత ప్రార్థించినా లాభం లేదు. ఏనాడూ శభాష్ అనని ఆ నాన్న గురించి దేవుడి దగ్గర నోరు విప్పాలి.

'లేఆఫ్' అని రాసినవాళ్లకి "విశ్వాసం ఉంచండి" అని చెప్పి పంపేయడం అన్యాయం. ఉద్యోగం పోతే హెచ్-1బి మీద ఉన్నవాళ్లకి దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి ఏడాదికి 7 శాతం పరిమితి ఉంది కాబట్టి భారతీయుల క్యూ ఏళ్ల తరబడి కదలదు. భయం నిజమైనదే. దానికి మోకాళ్లూ కావాలి, ఫైలూ కావాలి: ఐ-797లు (వీసా పిటిషన్ ఆమోద నోటీసులు), పే స్టబ్‌లు, అనుభవ పత్రాలు ఒకచోట, కనీసం మూడు నెలల ఖర్చు బ్యాంకులో. యోసేపు ఐగుప్తు రాజు ఫరోకి చెప్పింది ప్రార్థించి ఊరుకోమని కాదు, పంటలో అయిదో వంతు దాచమని. అయితే దాచినకొద్దీ భయం తగ్గాలి కదా. తగ్గకపోతే అది మన్నా కథ. అరణ్యంలో దేవుడు ఏరోజుకారోజు ఇచ్చిన ఆహారం అది, రేపటికని దాచుకున్న మన్నా పురుగు పట్టి కంపుకొట్టింది.

రోజు ముగించే పద్ధతి ఒకటి పెట్టుకోండి, పది నిమిషాలు చాలు. మిగిలిపోయిన పనులు కాగితం మీద రాయండి, మూడు వరసలకు మించొద్దు. మొదటి వరస రేపు పొద్దున ముట్టుకునే పని. రాసింది బుర్రలో తిరగడం తగ్గుతుంది. ఆరోజు రాయకుండా మూస్తే రాత్రి రెండింటికి మెలకువ వచ్చి అదే గుర్తొస్తుంది. లాప్‌టాప్ స్లీప్‌లో పెట్టడం కాదు, షట్‌డౌన్ చేసి సంచిలో పెట్టి జిప్ వేయండి. ఆ కాగితం మీద చెయ్యి పెట్టి 127వ కీర్తన పైకి చదవండి. అయిదే వచనాలు, నిమిషం పట్టదు. పొద్దున్నే లేచి పొద్దుపోయాక పడుకుంటూ కష్టపడటం వ్యర్థమనీ, తన ప్రియులు నిద్రపోతుండగానే దేవుడు ఇస్తాడనీ అందులో ఉంది. ఫోన్ ఛార్జర్ వంటింట్లో ఉండాలి. అలారం కోసం ఫోన్ మంచం దగ్గరే ఉండాలంటారా, పది డాలర్లకి అలారం గడియారం వస్తుంది.

వారంలో ఒక రోజు విశ్రాంతి మాత్రం ఒక్కసారిగా పెట్టుకుంటే నిలవదు. మొదటి రెండు వారాలు నాలుగు గంటలు, తర్వాత ఎనిమిది, ఆపైన శనివారం సాయంత్రం ఆరు నుంచి ఆదివారం సాయంత్రం ఆరు దాకా. సాయంత్రం నుంచి సాయంత్రం అనేది లేవీయకాండం లెక్క, మనకీ బాగా కుదురుతుంది. ఎందుకంటే ఆదివారం రాత్రి తూర్పు తీరంలో పదకొండయ్యేసరికి హైదరాబాద్‌లో సోమవారం ఉదయం ఎనిమిదిన్నర (చలికాలంలో తొమ్మిదిన్నర). ఆఫ్‌షోర్ కాల్స్ అక్కడే మొదలు. ఆరింటికి ముగిసిన విశ్రాంతిని అవి చెడగొట్టలేవు.

మూడో గంటలో చిరాకు వస్తుంది. చేతులు ఊరుకోవు. తల నొప్పి, పిల్లల మీద అరుపులు. చాలామంది ఇక్కడే "నాకు విశ్రాంతి పడదు" అని మానేస్తారు. కాదు, అది దిగుతున్న మత్తు. ఇంకొందరు విశ్రాంతి పేరుతో గరాజ్ సర్దుతారు, కాస్కోకి వెళతారు, పచ్చిక కోస్తారు. అదీ పనే. వంట సంగతి కూడా చెప్పాలి. ఆయన విశ్రాంతి దినం ఆవిడకి నాలుగు కూరల దినం కాకూడదు. శనివారం మధ్యాహ్నమే పప్పు, పులుసు చేసి పెట్టుకుని ఆదివారం అన్నం ఒక్కటి వండుకుంటే సరిపోతుంది. ఆరో రోజున మన్నా రెండింతలు ఏరుకోమన్న మాట ఇంతే కదా.

"రిలీజ్ వారం కదా, వచ్చే వారం నుంచి" అంటారు. నిర్గమకాండం 34వ అధ్యాయం దీన్ని ముందే ఊహించింది: దున్నే కాలమైనా కోతకాలమైనా ఆ రోజు ఆగాలంది. రైతుకి అంతకన్నా పెద్ద రిలీజ్ లేదు. ద్వితీయోపదేశకాండంలో విశ్రాంతి దినానికి చెప్పిన కారణం ఇంకా దగ్గరిది: మీరు ఐగుప్తులో బానిసలుగా ఉన్నారు, గుర్తుంచుకోండి అని. పరాయి దేశంలో పనిచేసేవాళ్లకి రాసినట్టే ఉంటుంది.

అత్యవసరం నిజంగా ఉంటుంది. విశ్రాంతి దినాన ఎద్దు బావిలో పడితే తీయరా అని యేసే అడిగాడు. కాబట్టి దారి ఒక్కటే వదలండి: చాట్ నోటిఫికేషన్లన్నీ ఆపి, ఫోన్ కాల్ మాత్రం మోగేలా. నిజంగా సర్వర్ పడిపోతే ఫోన్ చేస్తారు. ఊరికే అడగాలనిపిస్తే చేయరు. ఆన్-కాల్ డ్యూటీ ఆదివారం పడితే సహోద్యోగితో మార్చుకోండి, క్రిస్మస్ వారం మీరు తీసుకుంటామంటే ఎవరూ కాదనరు (మన క్రిస్మస్ ఒక రోజు, వాళ్ల క్రిస్మస్ వారం). వారం వారం అదే బావిలో అదే ఎద్దు పడుతుంటే బావికి గోడ కట్టించాలి, అంటే సోమవారం ఆ లోపాన్ని సరిచేయాల్సిన పనిగా టికెట్ వేయాలి.

మేనేజరుతో మాట్లాడటానికి దానియేలు పద్ధతి మంచిది. పరాయి రాజు కొలువులో అతనూ వలస ఉద్యోగే. రాజు భోజనం వద్దనుకున్నప్పుడు సిద్ధాంతం మాట్లాడలేదు, పది రోజులు పరీక్షించి చూడమన్నాడు. "పది పనిదినాలు రాత్రి ఎనిమిది తర్వాత ఆన్‌లైన్ ఉండను, అత్యవసరమైతే ఫోన్ చేయండి, పదకొండో రోజు లెక్క చూద్దాం" అని రాసి పంపండి. ఎక్కువ చోట్ల ఒప్పుకుంటారు, ఎందుకంటే ఆ ఎనిమిది తర్వాత మెయిల్స్‌లో సగం ఎవరూ అడగనివి, మనం పంపినవే.

సంఘం కూడా లెక్కలోకి రావాలి. ఉద్యోగం తగ్గించిన మనిషి అయిదు పరిచర్యలు నెత్తినేసుకోవడం చూస్తూనే ఉంటాం: కీబోర్డు, సండే స్కూలు, లైవ్ స్ట్రీమ్, కాటేజ్ మీటింగులు, బిల్డింగ్ ఫండ్. వ్యసనం అదే, సీసా మారింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తీర్పులు చెబుతున్న మోషేని చూసి మామగారు యిత్రో నువ్వు చేసేది మంచి పని కాదని మొహం మీదే అన్నాడు. మన పాస్టర్లు ఆ మాట అనరు, మనుషులు దొరకరని. ఏడాదికి ఒకే పరిచర్య అన్న నియమం సంఘమే పెడితే బాగుంటుంది.

దిగులు వదలకపోతే, నిద్ర వారాల తరబడి పట్టకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. బదరీచెట్టు కింద చచ్చిపోతానన్న ప్రవక్త ఏలీయాకి దేవదూత ముందు పెట్టింది రొట్టె, నీళ్లు, నిద్ర. అదీ రెండుసార్లు. చాలా కంపెనీల ఎంప్లాయీ అసిస్టెన్స్ ప్రోగ్రాంలో కొన్ని కౌన్సెలింగ్ సిట్టింగులు ఉచితం, మీరు వెళ్లిన సంగతి మేనేజరుకి తెలియదు.

భార్యనో భర్తనో కాపలా పెట్టొద్దు, ఇల్లు పోలీస్ స్టేషన్ అవుతుంది. ఆ బాధ్యత సహవాసంలో ఒకరికి ఇవ్వండి. శుక్రవారం మనవులు అడిగినప్పుడు అన్‌మ్యూట్ చేసి అంకెతో చెప్పండి: "ఈ వారం 63 గంటలు. నాలుగు రాత్రులు పదకొండు దాటింది." "పని ఒత్తిడి కోసం ప్రార్థించండి" అంటే అందరూ ఆమేన్ అని మర్చిపోతారు. అంకె చెబితే, వచ్చే శుక్రవారం ఎవరో ఒకరు అడుగుతారు, ఈ వారం ఎంత అని.