కీమో నీరసమని పడుకోబెడితే...

హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలోనో, విశాఖ హోమీ భాభా ఆసుపత్రిలోనో కీమో ఎక్కించుకుని ఊరికొచ్చిన మనిషి చేతిలోంచి పొద్దున్నే కాఫీ గ్లాసు జారిపడిందనుకోండి. ఇంట్లోవాళ్లు కీమో నీరసమని పడుకోబెడతారు. మాట ముద్దగా వస్తున్నా, మూతి ఓ పక్కకు లాగుతున్నా అదీ క్యాన్సర్ ఖాతాలోనే పడుతుంది. పక్షవాతమేమోనన్న అనుమానం వచ్చేసరికి సాయంత్రమవుతుంది. మెదడు రక్తనాళంలోని గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా ఉన్న గడువు నాలుగున్నర గంటలే.

క్యాన్సర్‌కూ రక్తం గడ్డకట్టడానికీ ఉన్న సంబంధాన్ని పారిస్ వైద్యుడు ఆర్మాండ్ ట్రూసో 1865లోనే వివరించారు. తర్వాత తన రక్తనాళంలోనే గడ్డ కనిపిస్తే తన జబ్బేమిటో ఆయనే పోల్చుకున్నారు. 1867 జూన్‌లో క్యాన్సర్‌తోనే కన్నుమూశారు. పాంక్రియాస్, ఊపిరితిత్తులు, కడుపు, అండాశయం వంటి చోట్ల వచ్చే క్యాన్సర్లలో ఈ ముప్పు ఎక్కువ. కణితి నుంచి వెలువడే టిష్యూ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ రక్తాన్ని గడ్డకట్టిస్తుంది. కొందరికి ఇన్‌ఫెక్షనేమీ లేకుండానే గుండె కవాటాలపై చిన్న గడ్డలు పేరుకుంటాయి. అవి ఊడి మెదడులో ఒకేసారి నాలుగైదు చోట్ల అడ్డుపడతాయి. సిస్‌ప్లాటిన్ వంటి కొన్ని కీమో మందులూ ఈ ప్రమాదాన్ని పెంచుతాయి.

బీపీ, షుగర్, గుండె జబ్బు ఏవీ లేకుండా పక్షవాతం వచ్చి, ఎంఆర్ఐలో మెదడుకు రెండు వైపులా దెబ్బ కనిపించి, రక్తంలో గడ్డల జాడ చెప్పే డి-డైమర్ పరీక్షలో అంకె బాగా పెరిగి ఉంటే లోపల క్యాన్సర్ దాగి ఉందేమో వెతకాల్సిందే. ఆ పని జరగకుండానే రోగిని ఇంటికి పంపేస్తే అసలు జబ్బు లోపలే ముదురుతుంది.

క్యాన్సర్ ఉన్నంత మాత్రాన స్ట్రోక్ వైద్యం కుదరదని చేతులెత్తేయడం అన్యాయమని మేం భావిస్తున్నాం. ప్లేట్‌లెట్లు బాగా తగ్గినా, మెదడులో రక్తస్రావం ఉన్నా గడ్డ కరిగించే మందు ఇవ్వలేరు, నిజమే. అయితే ప్లేట్‌లెట్లు తగ్గినవారిలోనూ కొందరికి రక్తనాళంలోకి సన్నని గొట్టం పంపి గడ్డను లాగేసే వీలుంటుంది. అది తేల్చాల్సింది స్కాన్ చూసిన డాక్టరు. వరండాలో చక్రాల కుర్చీ దగ్గరే ‘క్యాన్సర్ కేసు కదా’ అనేసే సిబ్బంది కాదు.

కీమో తర్వాత ఇచ్చే డిశ్చార్జి కాగితంలో జ్వరమొస్తే రమ్మని రాస్తారు. మూతి వంకర, మాట తడబాటు, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోవడం, చూపు పోవడం కూడా అందులో తెలుగులో, పెద్దక్షరాల్లో ఉండాలి. సీటీ స్కాన్, గడ్డ కరిగించే ఇంజెక్షన్ రెండూ ఉన్న దగ్గరి ఆసుపత్రి పేరు కూడా దాని మీదే రాసివ్వాలి. అలా రాసి ఉంటే ఇంటివాళ్లు సెలైన్ బాటిల్ కోసం ఊళ్లో వెతుక్కోకుండా నేరుగా 108కి ఫోన్ చేస్తారు. ఈ మేరకు రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలూ వెంటనే ఆదేశాలివ్వాలి.