ఫైలు వెంటనే దొరికిపోతే ఎలా?

ఆఫీసులో ఫైలు కనబడకుండా పోవడం లోపమని అనుకునే అమాయకులు ఇంకా ఉన్నారు. అది లోపం కాదు, వ్యవస్థ. ఫైలు దొరకదు కాబట్టే వెతికేవాళ్లకు పని, వెతికించేవాళ్లకు హోదా, గేటు బయట టీ కొట్టుకు బేరం. "సెక్షన్‌లోనే ఉందండీ, రేపు కనుక్కోండి" అన్న ఒక్క మాట మీద ఎన్ని సర్వీసులు ప్రశాంతంగా రిటైర్మెంట్ దాకా నడిచాయో! అలాంటి చోట ఎవరో కుర్రాడు కంప్యూటర్‌లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి, నల్ల తెర తెరిచి, రెండు ముక్కలు టైపు చేసి "ఇదిగో సార్ ఫైలు" అంటున్నాడు. చూస్తూ ఊరుకోవలసిన విషయం కాదు.

మొదటి ముద్దాయి గ్రెప్. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ రాసిపెట్టిన ప్రోగ్రామ్ ఇది. 1973 నుంచి యూనిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లో తిరుగుతోంది, అక్కడి నుంచి లినక్స్‌కూ పాకింది. దాని పేరు పక్కన మైనస్ ఆర్ (-r) అనే గుర్తు తగిలించి, ఒక మాట చెప్పి, ఒక ఫోల్డర్ చూపిస్తే చాలు, అందులో ఉన్న ఫోల్డర్లన్నిటిలోకీ దూరి ఆ మాట ఏ ఫైలులో ఉందో చెప్పేస్తుంది. మైనస్ ఎన్ కూడా జోడిస్తే ఎన్నో లైనులో ఉందో కూడా చెబుతుంది. రేపు ఒక రైతు వచ్చి తన సర్వే నంబరు చెబితే, "కూర్చోండి" అనేలోపు సమాధానం తెర మీద ఉంటుంది. ఇక ఆ రైతుతో మనకు పరిచయం పెరిగేదెప్పుడు?

ఫైళ్లను వెతికిపెట్టే ఫైండ్ ఇంకా ప్రమాదకరం. ఫైలు పేరు గుర్తులేదని తప్పించుకోనివ్వదు. మైనస్ ఎంటైమ్ మైనస్ 7 అంటే గత ఏడు రోజుల్లో మారిన ఫైళ్లన్నీ బయటపెడుతుంది. మైనస్ యూజర్ అంటే ఎవరి పేరు మీద ఏమున్నాయో చూపిస్తుంది. అన్నిటికన్నా దారుణం మైనస్ ఎంప్టీ. లోపల ఒక్క అక్షరం కూడా లేని ఫైళ్లను ఏరి వరసగా నిలబెడుతుంది. ప్రగతి నివేదికల ఫోల్డర్ మీద దీన్ని ప్రయోగించే దుర్మార్గుడు ఎక్కడో ఒకచోట ఉండే ఉంటాడు.

పైపు సంగతి సరేసరి. రెండు ప్రోగ్రామ్‌ల మధ్య నిలువుగా ఒక గీత గీస్తే గ్రెప్ దగ్గర తేలింది వరస పెట్టే సార్ట్‌కు, సార్ట్ నుంచి నకళ్లు తీసేసే యూనిక్‌కు, అక్కడి నుంచి లెక్కపెట్టే డబ్ల్యూసీకి చకచకా వెళ్లిపోతుంది. ఏ టేబుల్ మీదా ఆగదు. నోట్ పెట్టేవారు లేరు, ఇనిషియల్ వేసేవారు లేరు, "పై నుంచి ఫోన్ రానీ" అనేవారు అసలే లేరు. పైగా ఈ పనిముట్లకు పని చేసి చెప్పుకునే అలవాటు కూడా లేదు. సీపీ అని కొట్టి ఫైలు కాపీ చేయించండి. పని అయిపోతే ఒక్క ముక్క మాట్లాడదు. శిలాఫలకం లేదు, ఫ్లెక్సీ లేదు. మనకు తెలిసిన పద్ధతికి ఇది పూర్తిగా తలకిందులు.

ఆర్ఎం గురించి ఎక్కువ చెప్పను. ఫైలు మాయం చేయడంలో మన శాఖలకు తరతరాల అనుభవం ఉంది. చెదలు, వరదలు, షార్ట్ సర్క్యూట్... ఎంత కళ! ఈ ఆర్ఎం చెత్తబుట్టలో కూడా వేయకుండా, వివరణ లేకుండా తీసేస్తుంది. కళాదృష్టి లేని పని.

అయితే అన్నీ శత్రువులే అనడం అన్యాయం. లొకేట్ మన మనిషి. అదీ ఫైళ్లు వెతికేదే, కానీ బీరువా చూడదు, ఫైళ్ల పేర్లు రాసిపెట్టిన రిజిస్టరు చూస్తుంది. ఆ రిజిస్టరు మామూలుగా రోజుకోసారి రాస్తారు. పొద్దున తీసేసిన ఫైలును మధ్యాహ్నం అడిగినా "ఉంది" అంటుంది. టచ్ అంతకన్నా ఆత్మీయుడు. మైనస్ డి అని తేదీ ఇస్తే ఇవాళ తయారైన ఫైలు మీద నిక్షేపంగా మార్చి 31 వేసిపెడుతుంది. ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ మైనస్ ఎల్ కొట్టి చూసినా మార్చి 31 అనే కనబడుతుంది. యూనిక్స్ రాసినవాళ్లలో మన బిల్లుల సెక్షన్ బాధ తెలిసినవాడు ఒక్కడైనా ఉన్నాడని సంతోషించాను. కానీ పక్కనే స్టాట్ అనే చాడీకోరు కూర్చుని ఉంది. దాన్ని అడిగితే టచ్ కొట్టిన అసలు సమయం నిమిషాలు, సెకన్లతో సహా చెప్పేస్తుంది. స్టాట్‌ను వెంటనే లూప్‌లైన్‌కు బదిలీ చేయాలని నా డిమాండ్.

అంతదాకా మనకు తెలుగే రక్ష. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్‌లో ఒకే పద్ధతి అయిన యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉన్నా, మన డీటీపీ సెంటర్లు ఏళ్ల తరబడి అను ఫాంట్లలో కొట్టిపెట్టాయి. ఆ ఫైళ్ల లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. ఫాంటు వేషం వేస్తేనే తెలుగు. యూనికోడ్‌లో కొట్టినవాళ్లయినా తక్కువ తినలేదు. సాఫ్ట్‌వేర్ అనే మాటలో ఒకరు కంటికి కనబడని విడదీత గుర్తు పెడతారు, ఇంకొకరు పెట్టరు. గ్రెప్‌కు ఆ రెండూ వేర్వేరు మాటలు. ఇక అను ఫైళ్ల గుట్ట ముందు నిలబెట్టి "పాసు పుస్తకం" వెతకమని చెప్పి చూడండి. పుస్తకం అక్కడే ఉంటుంది, గ్రెప్ ఖాళీ చేతులతో తిరిగొస్తుంది. ఒక్క మాట మాట్లాడదు. కనీసం "రేపు రండి" అనడం కూడా రాదు దానికి.