గాలి వెనక నుంచి తోస్తే బోయా దొరుకుతుందంటా!

బోయా అంటే నీళ్ల అడుగున గొలుసుతో కట్టేసి పైన తేలే గుండు, పడవను దానికి కట్టేసుకుంటారు. పొద్దున్నే ఎవరో ఒక రీలు పంపినారు. పడవ ఒంటిగా నడిపే పెద్దమనిషి, "గాలినీ ప్రవాహాన్నీ వెనకేసుకోండి, బోయా దగ్గరికి సులువుగా పోతారు" అని పాఠం చెప్తా ఉన్నాడు. పోతారు సామీ, ఆగేదెట్ల? తిరుమల ఘాట్‌లో బ్రేకులు పీకేసి దిగొచ్చినట్టే.

ముందు చూడాల్సింది బోయాను కాదు, పక్కన కట్టేసున్న పడవల్ని. మీ పడవలాంటివి ఎటు ముక్కు పెట్టుకోనుంటే మీరూ అటే ముక్కుపెట్టి రావాల. గాలి ఒక పక్క, నీళ్లు ఒక పక్క లాగేటప్పుడు ఏది గెలుస్తా ఉందో అవే చెప్తాయి. ప్రవాహానికి ఎదురొస్తే ఇంజిన్ కొంచెం ఆడిస్తా పడవను ఉన్నచోటే నిలబెట్టొచ్చు, చుక్కానీ మాట వింటుంది. తెరచాపతో వస్తా, గాలి వెనకా ప్రవాహం ఎదురూ ఉంటే పెద్ద చాప ముందే దించేసి చిన్నదాంతోనే రావాల. లేకుంటే నిలబడదు.

అసలు మంట ఆ తర్వాతది. స్టీరింగ్ వదిలేసి ముక్కు దాకా పరిగెత్తి, బోర్లా పడుకోని కొక్కెం కర్రతో గెలుకుతాడు. ఈ లోపల గాలి ముక్కును పక్కకు తోసేస్తుంది. ఒంటిగా ఉన్నోడికి ఆ టైంలో ముక్కు దగ్గర పనేంది? పడవకు రెండింతల పైన పొడుగుండే తాడు తీసుకోని, ఒక కొస ముక్కు దగ్గరి క్లీటుకు (తాడు చుట్టి కట్టే కొమ్ముకు) ముందే కట్టేసి, రైలింగుకు బయటి నుంచే వెనక్కి తెచ్చి చేతికందేట్టు పెట్టుకోవాల. లోపలి నుంచి తెస్తే బరువు పడినప్పుడు రైలింగు వంగుతుంది. బోయా మీరు నిలబడినచోటికి పక్కకొస్తే గేరు న్యూట్రల్, బోయా మీది రింగులో తాడు దూర్చి, ఆ కొస ముక్కు దగ్గరికి తీసుకుపోయి కట్టేయడం. రింగు అందలేదా? మునిగే నైలాన్ తాడును పెద్ద ఉచ్చుగా బోయా మీదికి ఇసిరితే కిందికి దిగి గొలుసును పట్టుకుంటుంది. అది కాసేపటికే, రాసుకోని తెగుతుంది. తాడు నీళ్లలో ఉండగా గేరు వేస్తే పడవను తోసే ఫ్యాన్‌కు చుట్టుకుంటుంది, ఇంక ఇంజినూ లేదు.

తాడు చేతికి చుట్టుకోని బలం చూపించబాకండి. ప్రవాహం రెండింతలైతే లాగుడు నాలుగింతలు. జారిపోతే వదిలేసి, చుట్టు తిరిగి మళ్లీ రండి. కర్ర పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, వేళ్లు కొనుక్కోలేం.

ఇదంతా ఆ రీలు కింద రాస్తే వచ్చిన జవాబేందో తెలుసా? "తిరుపతోళ్లకు కోనేట్లో తెప్పలు తప్ప పడవలేం తెలుసులే" అంట! 2022 నుంచి తడ, సూళ్లూరుపేట ఏ జిల్లా నాయనా? పులికాట్ సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రలోనే ఉంది, మ్యాప్ చూసుకో. అక్కడి బెస్తోళ్లు గెడ దించి, ఒక్క చేత్తో పడవ నిలబెడతారు. నీ కొక్కెం కర్ర వాళ్లకెందుకు?

కాకపోతే గెడ దించేదానికి నీళ్లుండాల కదా. సరస్సును సముద్రంతో కలిపే రాయదొరువు, కొండూరుపాలెం ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతే సముద్రం పోటు లోపలికి వచ్చేదెట్ల? వేసవిలో ఉత్తరం పక్క పడవలు బురదలో కూర్చుంటాయి. బోయా అవసరమే లేదు, ఎటూ కొట్టుకుపోవు. పూడిక తీయమని ఎన్నేళ్లు అడగాల? ఆ పని మీద రీలు చెయ్యి, దండం పెట్టి షేర్ చేస్తా.